మూఢంల కొన్న గ్రాఫిక్స్ కార్డు

ఏమే చెల్లె, నిన్న రాత్రి ఫోన్‌ల "ఏడుస్తలేనక్కా" అన్నవు గానీ నీ గొంతు నాకు తెల్వదా? "రెండు మానిటర్లు తెచ్చినం, ఒక్కటే వెలుగుతుంది. రెండోది నల్ల మొఖం వేసుకొని కూసుంది. మా అత్తమ్మ పొద్దుగాల్నుంచి దాని ముందట నాలుగుసార్లు తిరిగింది, ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువైంది" అన్నవు. నాకు నవ్వాగలేదు. నువ్వు ఫోన్ పెట్టేసినవు. తప్పు నాదే. కానీ ఫోన్‌ల చెప్తే నువ్వు సగమే వింటవు, మిగిలిన సగం పొయ్యి మీది పాల కాడికి పోతది. అందుకే కూసొని రాస్తున్న. ఇయ్యాల గరిడేపల్లిల కరెంటు మంచిగుంది, మూఢం నడుస్తుంది కాబట్టి స్టూడియోల గిరాకీ లేదు. నీకొక్కదానికే కాదు, మన పని చేసే చెల్లెండ్లు ఇంకెందరున్నరో, వాళ్లందరికి గూడ అనుకో.

మన పని అంటే బయటోళ్లు ఏమనుకుంటరు? "ఫోటోలు అతికిస్తరు" అనుకుంటరు. ఒక్క పెళ్లికి మూడు నాలుగు వేల ఫోటోలొస్తయి. అండ్ల నుంచి ఏరాలె. చిన్నమ్మ కండ్లు మూసుకున్నది తీసెయ్యాలె, మేనమామ కనపడని షీటు ఉంటే ఆల్బం వాపసొస్తది. 12×36 కరిజ్మా షీటు ఒక్కటి 300 డీపీఐల తెరిచి చూడు, అడ్డం 10,800 చుక్కలు, నిలువు 3,600. గుణిస్తే 3 కోట్ల 88 లక్షల 80 వేలు. మనం ఇన్నేండ్లు వాడిన ఫుల్ హెచ్‌డీ తెర మీద పట్టేవి 20 లక్షల 73 వేల చిల్లర. ఒక్క షీటును ఉన్నది ఉన్నట్టు చూడాలంటే అసోంటి తెరలు దగ్గర దగ్గర 19 కావాలె! ఇన్నాళ్లు మనం కిటికీ సందులకెళ్లి పెళ్లిపందిరి చూసినట్టు పని చేసినం. దగ్గరికి గుంజుడు, పక్కకు జరుపుడు, మళ్ల దూరం చేసుడు. 4కె తెర మీద ఫుల్ హెచ్‌డీకి నాలుగింతల చుక్కలుంటయి, 82 లక్షల 94 వేల 400. ఒక తెర మీద షీటు, రెండో తెర మీద ఏరిన ఫోటోలు పెట్టుకుంటే మెడ తిప్పితే సాలు. అందుకే 27 అంగుళాలవి రెండు తెచ్చిన అంటే నేను సోకు అనలేదు. మీ అత్తమ్మ కూడ అనలేదు గదా, ఉత్తగ చూసింది అంతే.

ఇగ నా కథ విను, నీ కథ అదే తేలుతది.

ఆరేండ్ల కింద మీ బావ ఒక 4కె మానిటర్ తెచ్చిండు. కంప్యూటర్‌ల కార్డు లేదు. ఒక షాపుకు పోయినం. ఏ ఊరు, ఏ షాపు అని అడగకు, ఇప్పుడు అనవసరం. షాపాయన "గేమ్స్ ఆడతరా మేడం?" అన్నడు. ఆడను అన్న. "అయితే ఇది సాలు" అని చిన్న కార్డు చేతుల పెట్టిండు. "4కె అని డబ్బా మీదనే రాసుంది చూడండి" అన్నడు. రాసుంది. అబద్ధం గాదు. ఇంటికొచ్చి తగిలిస్తే బొమ్మ బ్రహ్మాండంగ వచ్చింది. కానీ మౌస్ జరిపితే బాణం గుర్తు నా చెయ్యి ఎనకాల ఎనకాల వస్తుండె, తడిసిన గొంగడి మోసుకొస్తున్నట్టు. మౌస్ పాడైంది అనుకొని కొత్తది కొన్న. అది గూడ అట్లనే. ఇంకోటి కొన్న. కండ్లు గుంజుతుంటే కంటి డాక్టరు కాడికి పోయిన, చూపు మంచిగుంది అన్నడు. మరి నాకేమైంది? వయసు మీద పడ్డదా? నలభై గూడ నిండలే! మూడు నెలలు నన్ను నేనే తిట్టుకున్న. మీ బావ "కొత్త తెరకు అలవాటు పడాలె" అన్నడు. ఆయనకు అన్నిటికి అదే మందు.

సంక్రాంతి సెలవులకు బీటెక్ చదివే మన పిలగాడొచ్చి, అరిసె నమలుకుంటనే సెట్టింగుల వేలు పెట్టి "పెద్దమ్మా, ఇది 30 హెర్ట్జ్‌ల ఉంది" అన్నడు. తెర సెకనుకు 60 సార్లు బొమ్మ మార్చాలె, నాది 30 సార్లే మారుస్తుండె. ఆ కార్డుకు ఉన్న హెచ్‌డీఎంఐ 1.4 రకం, అంతకన్న చేతగాదు. డబ్బా మీద 4కె అని రాసిన్రు, ఎన్నిసార్లో రాయలేదు. మౌసులు రెండు ఇప్పటికీ అటక మీద ఉన్నయి.

అప్పటి నుంచి నేను కార్డు గురించి ఎవలు అడిగినా తూము ముచ్చటే చెప్త. సాగర్ ఎడమ కాల్వ కింద పుట్టి పెరిగిన మనకు ఇంతకన్న ఏం కావాలె? మన నాయిన చివరి మడి కాడ పార పట్టుకొని కూసున్న రాత్రులు నీకు యాదికున్నయా? కాల్వల నిండుగ నీళ్లుండేవి. డ్యామ్ నిండిందని పేపర్ల వచ్చేది. మన మడికి మాత్రం వచ్చేవి గావు. తూము చిన్నది, పిల్లకాల్వ పూడింది. కాల్వ బలం ఎంతున్నా చివరి మడికి తూము లెక్కనే. కార్డు గూడ అంతే. ఎన్ని జీబీలు, ఎన్ని ఫ్యాన్లు అని అందరు కాల్వను చూస్తరు. నువ్వు ముందుగాల తూము చూడు. అంటే వెనక ఉండే కన్నాలు, వాటి రకం.

ఒక్క 4కె తెర సెకనుకు 60 సార్లు నిండాలంటే దగ్గర దగ్గర 50 కోట్ల చుక్కలు పారాలె. నీకు రెండున్నయి, 100 కోట్లు. 2009ల వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 ఇండ్ల సగమే పంపుతది. 2013ల వచ్చిన 2.0 పూర్తిగ పంపుతది. 2017ల వచ్చిన 2.1 రకమైతే ఇంక ఢోకా లేదు. డిస్‌ప్లేపోర్ట్ అని ఇంకో రకం కన్నం ఉంటది, ఒక మూల కోసేసినట్టు ఉంటది. అండ్ల 2010ల వచ్చిన 1.2 నుంచే 4కె మంచిగ నడుస్తది. 1.4 అయితే 120 సార్లు గూడ మారుస్తది. ఇగ నీలం రంగుల ఉండే పాత వీజీఏ కన్నం ఉన్నది చూడు, దాన్ని మర్చిపో. తెల్లగ వెడల్పుగ ఉండే డీవీఐ గూడ 4కెకు పనికిరాదు.

ఇప్పుడు నువ్వు పంపిన ఫోటో చూసిన. నీ సీపీయూ వెనకాల ఒక హెచ్‌డీఎంఐ, ఒక వీజీఏ ఉన్నయి. హెచ్‌డీఎంఐకి తగిలిచ్చింది వెలుగుతుంది. రెండోదానికి, వీజీఏ మీద ఒక చిన్న కన్వర్టర్ పెట్టి ఇచ్చిన్రు. ఆ కన్వర్టర్లు మహా అయితే ఫుల్ హెచ్‌డీ దాకనే పంపుతయి. పాపం దాని మీద 4కె బరువు పెట్టినవు, మొఖం నల్లగ పెట్టక ఏం చేస్తది? తెర పాడు గాలేదు. అందుకే నవ్విన. ఇగ ఏడ్వకు.

ఇంకో సంగతి, కార్డు అమ్మేటోళ్లు చెప్పనిది. నీ ప్రాసెసర్ ఐ5 12400. దాని కడుపులనే ఒక చిన్న గ్రాఫిక్స్ ఉన్నది. అదే ఇప్పుడు మొదటి తెరను నడిపిస్తుంది. అది లెక్క ప్రకారం నాలుగు తెరల దాక నడపగలదు! నీ బోర్డు మీద వీజీఏ జాగల ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉండుంటే ఉత్త ఆల్బం పనికి నీకు కార్డే అక్కర్లేకపోయేది. బోర్డు కొన్ననాడు వెయ్యి పదిహేను వందలు ఎక్కువైతదని చిన్నది తీసుకున్నరు మీరు. మనింట్ల ఎప్పుడైన అంతే గదా, గిన్నెకు చూసుకుంటం, మూతకు చూసుకోము.

బొమ్మ కనపడటానికి కార్డుకు బలం అక్కర్లేదంటే నమ్మవు. లెక్క చెప్త. ఒక్క చుక్కకు నాలుగు బైట్లు. 4కె తెర నిండ 33 ఎంబీ. రెండు తెరలకు 66. నాలుగు జీబీల కార్డుల ఇదెంత? పుట్టెడు వడ్లల్ల కుంచెడు. తెరలు రెండైనయని పెద్ద కార్డు అంటగట్టేటోడు కుంచెడు వడ్లకు లారీ మాట్లాడినట్టు. ఫోటోషాప్ సంగతి గూడ అంతే. 4కె తెరలకు నాలుగు జీబీల కార్డు ఉంటే సాలని దాన్ని చేసినోళ్లే చెప్తరు. దానికి కార్డు కన్న ర్యామ్ ఆకలి ఎక్కువ. పది షీట్లు ఒకేసారి తెరిచి పెడ్తవు గదా నువ్వు, నీకు 32 జీబీ ర్యామ్ ముందు కావాలె. ఇప్పుడు 16 ఉన్నది. ఈ ముక్క మరిదికి, అదే మీ ఆయనకు, నేను చెప్తనా, నువ్వు చెప్తవా?

మరి కార్డు వద్దా అంటే, మీకు కావాలె. ఎందుకంటే పొద్దంత నువ్వు ఆల్బం చేస్తవు, రాత్రి అదే కంప్యూటర్ మీద మరిది పెండ్లి వీడియోల మిక్సింగ్ చేస్తడు. అదీగాక మీరు ఫంక్షన్ హాళ్లల్ల చీకట్ల తీసిన ఫోటోలకు లైట్‌రూమ్‌ల నాయిస్ తీస్తరు. ఆ డీనాయిస్ అనేది 2023 ఏప్రిల్‌ల వచ్చింది. అది మొత్తం కార్డు మీదనే పడి నడుస్తది. ప్రాసెసర్ లోపలి చిన్న గ్రాఫిక్స్‌తోని ఒక్క ఫోటోకు నిమిషాలు పడ్తది, ఓ మాదిరి కార్డుంటే సెకన్లల్ల అయిపోతది. శారీ ఫంక్షన్ ఫోటోలు మూడు వందలు అట్ల చెయ్యాలంటే, లెక్క నువ్వే వేసుకో. కానీ ఫోటోషాప్‌ల ఖాళీ జాగల ఏదన్న నింపమంటే నింపుతది చూడు, జనరేటివ్ ఫిల్, అది ఇంటర్నెట్ మీద వాళ్ల కాడ నడుస్తది. దానికి నీ కార్డుతోని పని లేదు. ఏది ఇంట్ల వండేది, ఏది హోటల్‌కెళ్లి వచ్చేది తెలుసుకొని పొయ్యి కొనాలె.

మిక్సింగ్ సంగతి కొంచెం గమ్మత్తు, జాగ్రత్తగ విను. మరిది ఎడియస్ అనే సాఫ్ట్‌వేర్ మీద చేస్తడు. అది చానా ఏండ్ల నుంచి ఇంటెల్ ప్రాసెసర్ల లోపల ఉండే క్విక్ సింక్ అనే గుణాన్ని వాడుకుంటది. ఇప్పటి పెళ్లి కెమెరాలు 10 బిట్ 4:2:2 అని బరువైన ఫైళ్లు ఇస్తున్నయి గదా, టైమ్‌లైన్ మీద ముక్కలు ముక్కలుగ ఆగుతయి చూడు, అయే. ఆ హెచ్265 ఫైళ్లను 11వ తరం నుంచి ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ మంచిగ విప్పుతది. ఎన్విడియా కార్డులు మాత్రం 2025ల వచ్చిన 50 సిరీస్ దాక వాటిని విప్పలేదు. వేలకు వేలు పెట్టి కార్డు కొన్నోళ్లు, లోపలి చిన్న గ్రాఫిక్స్ ఉన్నోళ్ల కన్న ఎనక పడ్డరు! అందుకే ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అని ఉన్నదాన్ని నేను వద్దంట. 12400ఎఫ్ అంటే లోపలి గ్రాఫిక్స్ తీసేసింది. నాలుగు రూపాయలు తక్కువకు వస్తది, షాపోళ్లు మంచి బేరం అని ఇస్తరు. గేమ్స్ ఆడేటోళ్లకు మంచి బేరమే. మనకు గాదు. నీది ఎఫ్ గాదు, అదృష్టం.

అదృష్టం ఊకనే పనికిరాదు, దాన్ని లేపాలె. కొత్త కార్డు పెట్టంగనే చానా బోర్డులు లోపలి గ్రాఫిక్స్‌ను పండవెడతయి. బయాస్‌లకు పోయి ఐజీపీయూ మల్టీ మానిటర్ అనేదాన్ని ఆన్ చెయ్యాలె. తెరలు రెండూ కార్డుకే తగిలియ్యి, లోపలిది మాత్రం మేలుకొని ఉండాలె, ఫైళ్లు విప్పే పని అది చేస్తది. కార్డు బిగిచ్చినోళ్లు ఒక తెర కార్డుకు, ఒక తెర బోర్డుకు తగిలిచ్చి పోవుడు నేను నాలుగైదు స్టూడియోలల్ల చూసిన. వాళ్లు కార్డు కొని గూడ సగం పాత కంప్యూటర్‌తోనే కాపురం చేస్తున్నరు.

ఇగ ఏ కార్డు అంటవా. నీ క్యాబినెట్ మూత తీసి ఇంకో ఫోటో పంపినవు గదా, నేను కార్డు జాగ చూడలేదు, లోపల అన్నిటికి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ చూసిన. క్యాబినెట్‌తోని ఊకనే వచ్చిన రకం. 450 అని రాసుంది గానీ కార్డుకు ఇయ్యాల్సిన ఆరు పిన్నుల వైరే లేదు. రాసిన వాట్లు నమ్మే రకం గాదు అది. దాని మీద పెద్ద కార్డు పెడితే ఎండాకాలంల ఏదో ఒక రాత్రి, సరిగ్గ డెలివరీ ముందట రాత్రి, కంప్యూటర్ టప్పున ఆరిపోతది. అందుకే నీకు బోర్డు నుంచే కరెంటు గుంజుకునేది చూడు. అట్ల 75 వాట్ల దాక గుంజొచ్చు. ఆర్టీఎక్స్ 3050ల రెండు రకాలున్నయి, పేరొక్కటే, మనుషులు వేరు. 2022ల వచ్చిన 8 జీబీది 130 వాట్లు తింటది, వేరే వైరు కావాలె. 2024 ఫిబ్రవరిల వచ్చిన 6 జీబీది 70 వాట్లే, మామూలుగ వేరే వైరు అక్కర్లేదు. నీకు ఆ 6 జీబీది. షాపుల "3050 ఇయ్యండి" అని ఊకోకు, 6 జీబీది అని చెప్పు. అండ్ల గూడ కంపెనీకో తీరు కన్నాలుంటయి. కొన్నిటికి డీవీఐ పెట్టి ఒక జాగ వేస్టు చేసిన్రు. ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉన్నా నీకు సాలు. డబ్బా మీద బొమ్మ గాదు, కార్డు బయటికి తీయించి వెనక చూడు.

ఇంటెల్ ఆర్క్ ఏ380 గూడ మంచిదే, 6 జీబీ, 75 వాట్లు. ఆ 10 బిట్ ఫైళ్లు అది సొంతంగనే విప్పుతది. కానీ బోర్డుల రీసైజబుల్ బార్ అనేది ఉండి ఆన్ చేస్తేనే దాని బలం బయటపడ్తది. పాత బోర్డు ఉన్నోళ్లు దాని జోలికి పోవద్దు. నీ బోర్డుకు నడుస్తది. దొరికితే ధర అడిగి నాకు ఫోన్ చెయ్యి.

వద్దనేటివి గూడ చెప్త. జీటీ 1030 చాన చోట్ల ఇంకా అమ్ముతరు. రెండు తెరలు వెలిగిస్తది, నిజమే. వీడియో తయారుచేసి బయటికి తీసే ఎన్‌కోడర్ మాత్రం దాంట్ల లేదు. ఏఎండీ ఆర్ఎక్స్ 6400 కన్నాలు బ్రహ్మాండంగ ఉంటయి, దానికీ ఎన్‌కోడర్ లేదు. ఉత్త ఆల్బం చేసేటోళ్లకు పర్వాలేదు, ఇంట్ల మిక్సింగ్ చేసేటోడు ఉన్నోళ్లకు వద్దు. సెకండ్‌హ్యాండ్ కార్డులు "కొత్తదాని లెక్కనే ఉంది అక్కా" అని తెస్తరు. 2022 సెప్టెంబర్ 15 దాక ప్రపంచమంత ఈ కార్డులతోని ఈథర్ అనే డబ్బు తవ్విన్రు. ఆనాడు ఆ తవ్వుడు పద్ధతి బంద్ అయింది, కార్డులన్ని బజార్ల పడ్డయి. రాత్రింబగళ్లు దున్నిచ్చిన ఎద్దు అది. కొమ్ములకు రంగేసి సంతకు తెస్తే కొంటమా? అన్నీ పాడే అని అనను. నువ్వు గుర్తుపట్టలేవు అంట, అంతే. నేనూ పట్టలేను.

పని పెరిగితే, రెండేండ్లకు, మంచి ఎస్ఎంపీఎస్ కొని 4060నో 5060నో చూద్దువు. మొదటిది 115 వాట్లు, రెండోది 145. అప్పుడు 600 వీఏ యూపీఎస్ గూడ ఆలోచించుకోవాలె. 600 అని రాసినా అండ్ల నిజంగ వచ్చేది 360 వాట్ల లెక్కనే ఉంటది. తెరలే ఒక్కోటి ముప్పై నలభై వాట్లు తింటయి. కరెంటు పోయినప్పుడు ఫైలు సేవ్ చేసుకొని బంద్ చేసేటంత టైమ్ దొరకాలె, గంటలు నడవాలని గాదు.

తీగలు. దీని మీద ఎక్కువ చెప్పను, డబ్బాల వచ్చిన తీగనే వాడు. కొత్తది కొంటే హెచ్‌డీఎంఐకి ప్రీమియం హై స్పీడ్ అని రాసున్నది తీసుకో, రెండు మీటర్లకు మించకు. డిస్‌ప్లేపోర్ట్ తీగ పీకేటప్పుడు పైన చిన్న మీట ఉంటది, దాన్ని నొక్కి పీకాలె. మీ బావ ఒకసారి నొక్కకుండ గుంజి కార్డునే సగం బయటికి తెచ్చిండు.

దుమ్ము సంగతి మాత్రం ఎక్కువే చెప్త, ఇది మన దిక్కు రోగం. కోతలప్పుడు మా ఇంటి ముందటి రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు, హార్వెస్టర్లు తిరుగుతయి, ట్రాక్టర్లు మిర్యాలగూడ మిల్లులకు లైన్లు కడ్తయి. ఆ నూగు సన్నగ వచ్చి కార్డు ఫ్యాన్‌ల, రేకుల మధ్యల గూడు కడ్తది. పైకెళ్లి ఏం కనపడదు. ఎండాకాలంల బయట 44 డిగ్రీలు ఉన్ననాడు లోపల గాలి ఆడక కార్డు తనను తనే మెల్లగ చేసుకుంటది. "కొన్నప్పుడు మంచిగుండె, ఇప్పుడు స్లో అయింది" అనేటోళ్లల్ల సగం మంది కార్డుకు నూగు పట్టి ఉంటది. వానాకాలం పంటకొకసారి, యాసంగికొకసారి బ్లోయర్ కొట్టు. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలుతో పట్టుకో, ఊకె తిరగనిస్తే పాడైతది. రెండు తెరలకు 60 హెర్ట్జే పెట్టు. ఒకటి 60, ఒకటి 75 అట్ల తేడాగ పెడితే కొన్ని కార్డులు ఖాళీగ ఉన్నప్పుడు గూడ విశ్రాంతి తీసుకోవు, ఊకె వేడెక్కుతయి.

రంగు గురించి అడిగినవు. పట్టుచీర ఎరుపు తెర మీద ఒక తీరు, ల్యాబ్ నుంచి వచ్చిన ఆల్బంల ఇంకో తీరు వస్తుంది, కార్డు మారిస్తే కుదురుతదా అన్నవు. కుదరదే. అది తెర సంగతి, వెలుగు సంగతి. నువ్వు వెలుగు నూటికి నూరు పెట్టుకొని పని చేస్తవు, ఆ వెలుగుల పెళ్లికూతురు ముఖం మంచిగ కనపడుతుందని ఊకుంటవు, కాయితానికి ఆ వెలుగు లేదు. తగ్గించుకో. రెండు తెరలను పక్కపక్కన పెట్టి ఒకే ఫోటో తెరిచి, రెండిట్ల ఒకే తీరు వచ్చేదాక తిప్పు. హెచ్‌డీఎంఐ మీద నలుపు బూడిద రంగుల కనపడితే కార్డు సెట్టింగుల రేంజ్ అనేది ఫుల్‌కు మార్చు. అక్షరాలు చీమల్లెక్క ఉన్నయన్నవు, విండోస్ స్కేల్ 150 పెట్టుకో, రెండిటికి అదే పెట్టు.

ఒక తెర నీ ముక్కుకు ఎదురుగ పెట్టు, రెండోది పక్కకు. రెండిటి సందు మధ్యల కూసుంటే పొద్దంత మెడ అటిటు తిరిగి పోతది. నాకు పోయింది. ఇప్పుడు జండూబామ్ మా ఇంట్ల పసుపు లెక్క.

రెండు తెరల ముచ్చట కొత్తదనుకున్నవా? 1999లనే మాట్రాక్స్ అనే కెనడా కంపెనీ జీ400 అని ఒక కార్డు తెచ్చింది, ఒక్కదానికే రెండు తెరలు. అప్పుడు మన ఊర్ల స్టూడియో అంటే ఎర్ర బల్బు చీకటి గది, తట్టలల్ల మందు నీళ్లు, తీగ మీద ఆరేసిన ఫోటోలు. ఇప్పుడేమో ఎన్విడియాకు, ఏఎండీకి రెండిటికి హైదరాబాద్‌ల ఆఫీసులున్నయి, చిప్పుల డిజైన్ పని అక్కడ గూడ నడుస్తది. మన దిక్కుకెళ్లి పోయిన పిల్ల ఎవరన్న అండ్ల ఉన్నదేమో, నాకు ఊకె అనిపిస్తది.

ఇగ అసలు ముచ్చట. నిన్న నువ్వు ఆఖరికి, మెల్లగ ఒక మాట అన్నవు. "ఆయన మిక్సింగ్ కోసమని కొంటే ఇంట్ల ఒప్పుకుంటరక్కా, నా ఆల్బం కోసమంటే ఒప్పుకోరు" అన్నవు. నాకు అప్పుడు నవ్వు ఆగింది. చెల్లె, ఈ పెండ్లిండ్ల సీజన్ల మీ స్టూడియో చేసిన ఆల్బంలు ఎన్ని? నువ్వే చెప్పినవు, 22. అన్నీ నీ చేతివే. కెమెరా పట్టుకున్నోళ్ల పేరు అట్ట మీద ఉంటది, ఉండనీ. కానీ లెక్కల పుస్తకంల ఆల్బం డిజైన్ అని ఒక గీత గీసి, బయటోళ్లకు ఇస్తే ఎంత పడేదో అది నీ పేరు మీద రాయి. పోట్లాడమంటలేను. రాయి. నేను మూడేండ్లు రాసిన, మీ బావ ఒకనాడు తనంతట తనే చదివిండు. ఆ తెల్లారి 32 జీబీ ర్యామ్ వచ్చింది. ఏం మాట్లాడలేదు, మౌస్ పక్కన పెట్టిపోయిండు.

మీ అత్తమ్మ మూఢంల కొత్త వస్తువు కొనొద్దు అంటుందని భయపడకు. మూఢంల లగ్గాలు ఉండయి, మన కంప్యూటర్లు ఖాళీగ ఉంటయి. కార్డు బిగిచ్చి, డ్రైవర్లు ఎక్కిచ్చి, ఏదన్న తేడా వస్తే వాపసు ఇచ్చి మార్చుకునేటందుకు ఇంతకన్న మంచి టైమ్ ఏది? మూఢం ఎత్తిపోయిన తెల్లారి కొంటే హల్దీ ఫోటోలు ముందటేసుకొని బయాస్ ఎతుక్కుంట కూసుంటవు. నా కార్డు మూఢంలనే కొన్న. ఆమెకు ఇవన్ని చెప్పకు. రెండు తెరలు వెలిగిన నాడు నీ పెండ్లి వీడియో పెట్టి, ఒక తెర మీద అప్పగింతలు, ఒక తెర మీద ఆమె కొడుకు తలంబ్రాలు పోసేది చూపియ్యి. కుర్చీ తెచ్చుకొని కూసుంటది.

సికింద్రాబాద్ పోతున్నరు గదా, పార్క్‌లేన్‌ల సీటీసీ బిల్డింగుకు పోండి. మొదటి షాపుల కొనకు, నాలుగు షాపులల్ల అడుగు. మరిది పక్కనుంటే ఆయన దిక్కే చూసి మాట్లాడుతరు, నువ్వే అడుగు: వెనక హెచ్‌డీఎంఐ ఏ రకం, డిస్‌ప్లేపోర్ట్ ఏ రకం, వేరే వైరు కావాల్నా వద్దా. ఈ మూడు అడిగినంక మేడం గేమ్స్ ఆడతరా అని ఎవలు అడగరు. జీఎస్టీ బిల్లు మీద కార్డు సీరియల్ నంబర్ రాయించు, వారంటీకి అదే దిక్కు. బిల్లు లేకుంటే తక్కువకిస్త అంటరు, వద్దు. డబ్బాను, లోపలి అట్టను పారెయ్యకు.

వచ్చేటప్పుడు కార్డు డబ్బా పైన ర్యాక్‌ల పెట్టొద్దు, ఒళ్లె పెట్టుకో. సూర్యాపేటల బస్సు ఆపుతడు, చాయ్‌కు దిగుతరు. డబ్బా సీట్ల పెట్టి దిగకు, చేతుల పట్టుకొనే దిగు. కోదాడ చేరినంక బిగించకుండ ఉండండి, ఆదివారం నేనొస్త. చిన్న స్క్రూడ్రైవర్ నా కాడ ఉంది, మీది పోయినసారి మిక్సీ విప్పినప్పుడు అరిగింది.